విమానాన్ని ఆపిన అప్ప

మా అప్ప పోయిందని పోయిన నెలలో ఓ పొద్దున్న కళింగపట్నం నుంచి ఫోను వచ్చింది. గుండెపోటు. రిటైరై ఏడాది కూడా కాలేదు. తోడబుట్టిన మనిషి కాదు. ఆఫీసులో నాకన్నా పెద్దది, మా వైపు మనిషి. అక్కని మా జిల్లాల్లో అప్ప అంటాం, అందుకే ఆ పిలుపు.

ఇద్దరం ప్రభుత్వ విమాన తనిఖీ అధికారులమే. నేను పైలట్‌ని, కాక్‌పిట్‌లో కూర్చుని పైలట్లు ఎలా నడుపుతున్నారో చూస్తాను. ఆవిడ ఇంజనీరు, విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో చూసేది. విమాన కంపెనీలకి వెళ్లిపోకుండా పైలట్లకి కాంట్రాక్టు మీద పెద్ద జీతాలిస్తారు. ఆవిడది మామూలు సర్కారు జీతం, నాదాంట్లో చిన్న ముక్క. పని మాత్రం అటే ఎక్కువ. ఇద్దరు ముగ్గురు చెయ్యాల్సింది ఒక్కతే ఎండలో రెక్కల కింద వంగి చేసేది.

ఒకసారి ఉండబట్టలేక, "నీకు కోపం రాదా అప్పా?" అన్నాను.

"రాకేటిరా? వస్తాది. అలాగని నీ జీతం కోసి నాకిమ్మంతానా? ఇంకో మనిషినియ్యమంతన్నాను. అలిసిపోయిన కళ్లకి బీట కనపడదురా."

ప్రతి మీటింగులోనూ లేచి అదే అడిగేది. "చూద్దాం" అనేవారు పై అధికారులు. కూర్చునేది. మళ్లీ మీటింగులో మళ్లీ లేచేది.

వాళ్ల నాన్న చేపల వేటకెళ్లే మనిషి. ఆయనకి ప్రాణం మీదికొచ్చిందని తెలిసి, సాయంత్రం విమానానికి విశాఖ టిక్కెట్టు తీసుకుంది. ఆ రోజు ఆవిడ ఆఖరున చూడాల్సిన విమానమూ అదే. చక్రాల దగ్గర నూనె కారుతోంది.

"రేపు బాగుచేయిస్తాం మేడం, మీరూ వెళ్లాలి కదా" అన్నాడు కంపెనీ మేనేజరు.

చాలాసేపు వంగి చూసింది. లేచి, "ఆపండి" అంది. నేను పక్కనే ఉన్నాను. ఇంకో విమానం పట్టుకుని ఊరు చేరేసరికి నాన్నని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు.

తిరిగొచ్చాక పలకరిస్తే మొహం పక్కకి తిప్పుకుంది. "పడవ సూడకండా మా అయ్య ఎప్పుడూ సంద్రంలోకి దింపలేదు. ఆయనకి తెలుస్తాదిలే" అంది. మళ్లీ ఎన్నడూ ఆ రోజు మాట ఎత్తలేదు.

అప్ప అడిగిన ఆ ఇంకో మనిషిని చివరిదాకా ఇవ్వలేదు. ఆవిడ కుర్చీలోకీ ఇంకా ఎవరూ రాలేదు. మిగిలిన ఇంజనీర్లే ఆ విమానాలు కూడా పంచుకుని చూస్తున్నారు.

అప్ప పెద్దకర్మ మర్నాడు కళింగపట్నంలో వాళ్ల అక్కని ఒడ్డున చేపలు ఆరబెట్టే చోట కలిశాను.

"ఇమానం నువ్వు తోలతావంట గదా బాబూ" అందామె. "మరి మా సెల్లి ఏటి సేసీది?"

"అప్ప సరేనంటేనే మేం తోలేవాళ్లం అమ్మా."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, వంగి, ఒక్కో చేపనీ ఎండకి తిప్పడం మొదలుపెట్టింది.