కొత్త చక్రం వేయించిన పెద్దమనిషి

నా చిన్నప్పుడు పలాస వెళ్లడమంటే నాన్న సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చుని వెళ్లడమే. మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. మాకు సొంత తోట లేదు. ఎవరి తోటలో కాయ ముదిరితే వాళ్లు కబురు పెట్టేవారు, నాన్న కత్తి నడుముకి దోపుకుని సైకిల్ మీద వెళ్లేవాడు. కాళ్లకి తాడు తగిలించుకుని ఆయన పైకి పాకుతుంటే నేను కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. ఆ కాళ్ల మీదే మా ఇల్లు నడిచేది.

నాకు పదకొండేళ్లు వచ్చిన ఏడు, బడి తెరిచిన వారంలో, నోటుపుస్తకాలు కొనడానికి ఇద్దరం పొద్దున్నే బయల్దేరాం. సగం దూరం వెళ్లాక, ఒక టీ కొట్టు దాటగానే, ఎదురుగా వస్తున్న జీపు ముందున్న ఎడ్లబండిని దాటబోయి మా వైపుకి వచ్చేసింది. నేను ఎగిరి మొగలి పొదల పక్కన ఇసుకలో పడ్డాను. మోచేతులు చీరుకుపోయాయి తప్ప నాకేమీ కాలేదు. నాన్న కుడికాలు మోకాలి కింద వంకర తిరిగిపోయింది. సైకిల్ ముందు చక్రం అప్పడంలా మడత పడింది.

జీపులో ఇద్దరున్నారు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకరు, ఇంకా మీసాలు కూడా సరిగా రాని ఆయన కొడుకు ఒకడు. బండి నడిపింది కొడుకే. అది నేను బాగా చూశాను. తండ్రి గబగబా దిగి, కొడుకుని పక్క సీట్లోకి జరగమని, తన కండువా తీసి నాన్న కాలికి కట్టి, ఎత్తి జీపులో పడుకోబెట్టాడు. ఆయన తెల్ల చొక్కా అంతా నెత్తురయింది. నాన్న ఆ నొప్పిలో కూడా ఆయనకి దణ్ణం పెట్టాడు.

జీపు పలాస వైపు పోలేదు. "సర్కారాస్పత్రికి పోతే కాలు తీసేత్తారు తమ్ముడూ. నాకు తెలిసిన కట్టు కట్టే ముసలాయనున్నాడు, నెలలో లేచి తిరుగుతావు" అన్నాడు ఆయన. మమ్మల్ని వేరే ఊరు తీసుకెళ్లాడు. వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టించి, మధ్యాహ్నానికి ఇంటి దగ్గర దింపి వెళ్లాడు. ఇలాంటి మనిషి ఈ రోజుల్లో ఎక్కడుంటాడని మా వీధంతా చెప్పుకుంది.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. జీపు వెనక మా సైకిల్ ఉంది. ముందు చక్రం కొత్తది, టైరు కొత్తది, వంగిపోయిన హ్యాండిల్ బదులు తళతళలాడే కొత్త హ్యాండిల్. పైనంతా నీలం రంగు కూడా వేయించాడు. బత్తాయిలు తెచ్చాడు. నాకు డజను నోటుపుస్తకాలు తెచ్చాడు. చుట్టుపక్కల వాళ్లందరూ మా వాకిట్లో చేరారు. ఆయన నా బుగ్గ నిమిరి, సైకిల్ హ్యాండిల్ నా చేతికిచ్చి, అందరికీ వినపడేలా అడిగాడు.

"మీ నాన్న గోతిలో పడిపోతే మేం సూసి ఆగాం. అంతే కదమ్మా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. అమ్మ తల దించుకుని ఉంది. నేను తలూపాను.

భయపడి ఊపానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు భయమేమీ వెయ్యలేదు. చేతిలో కొత్త హ్యాండిల్ ఉంది, పక్కన పన్నెండు పుస్తకాలు ఉన్నాయి. అంతే.

మా పక్కింటి అప్ప ఆదివారం వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆమె టెక్కలిలో ఒక లాయరు దగ్గర టైపు కొట్టే ఉద్యోగం చేస్తూ అక్కడే బంధువుల ఇంట్లో ఉండేది, ఆదివారాలు ఊరికొచ్చేది. సంగతి విని మా ఇంటికొచ్చి, నాన్నని పలకరించకముందే సైకిల్ దగ్గర నిలబడిపోయింది.

"పాత సెక్రం ఏదే గుంటా?"

"ఆ బాబుగారు పట్టుకుపోనారప్పా."

"మీ నాన్నేసుకున్న సొక్కా, పంచె?"

"అమ్మ ఉతికీసింది."

అప్ప అరుగు మీద కూలబడింది.  అమ్మకి నెమ్మదిగా చెప్పింది. "సర్కారాస్పత్రికి ఎల్లుంటే డాక్టరు దెబ్బలన్నీ కాయితం మీద రాసి, టేసనుకి ఆళ్లే కబురెట్టుందురు పిన్నీ. సైకిలు అలగే ఉంటే అదే సాచ్చికం. బండికి ఇన్సూరెన్సు ఉంటాది, కోర్టులో డబ్బులు అడగొచ్చు. కొడుక్కి లైసెన్సుండదు, అందుకే ఆయనకంత దయ పుట్టింది."

అమ్మకి అప్పటికీ నమ్మకం కలగలేదు. "అంత మంచోడిని అనుమానిత్తే కళ్లు పోతాయే" అంది.

అయినా సోమవారం అప్ప సెలవు పెట్టి అమ్మనీ నన్నూ పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లింది. అక్కడ రాసే ఆయన చెడ్డగా మాట్లాడలేదు. దెబ్బల కాయితం ఉందా అన్నాడు. లేదు. సైకిల్ ఉందా అన్నాడు. ఉంది, కొత్తగా ఉంది. చూసినవాళ్లెవరన్నాడు. అప్ప నన్ను చూపించింది. ఆయన నా వైపు చూసి, "ఈ పాప వాళ్ల నాన్నే గోతిలో పడ్డాడని నలుగురిలో ఒప్పుకుందంట కదమ్మా. ఆ జీడిపప్పు బాబుగారు పొద్దున్నే వచ్చి సెప్పి ఎల్నారు" అన్నాడు.

టీ కొట్టు ఆయన ఆ పూట పాలకి వెళ్లానన్నాడు. ఎడ్లబండి ఎవరిదో తెలియలేదు. ఈ సంగతులు తెలిసి వ్యాపారి మా ఇంటికి రాలేదు, కోప్పడలేదు. రోడ్డు మీద పడ్డవాణ్ణి ఎత్తుకోవడమే నేను చేసిన తప్పు అని నలుగురి దగ్గర అన్నాడట. మా వీధి వాళ్లు మాతో మాట్లాడడం తగ్గించారు.

నెల దాటినా నాన్న లేవలేకపోయాడు. అప్పుడు సర్కారాసుపత్రికి తీసుకెళ్తే, ఎముక వంకరగా అతుక్కుందని, మొదటి రోజే రావలసిందని డాక్టరు అన్నాడు. దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు. అప్ప నోరు తెరిచేలోపే నాన్న, "సైకిలు మీంచి పడిపోనాను బాబూ" అన్నాడు. అప్పటికి ఆ మాట ఆయన నోటికి అలవాటైపోయింది. డాక్టరు అదే రాసుకున్నాడు.

అప్ప నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఆ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి, ఆ పన్నెండు పుస్తకాల్లో ఒకటి తెమ్మంది. "నువ్వేటి సూసినావో అదే రాయి. ఇనుకున్నది రాయకు, అనుకున్నది రాయకు" అంది. జీపు ఏ వైపు నుంచి వచ్చింది, ఎవరు నడిపారు, ఎవరు ఎవరి సీట్లోకి మారారు, అన్నీ రాశాను. ఆఖరున నేను తలూపిన సంగతి కూడా రాయించింది. అది రాస్తున్నప్పుడే మొదటిసారి ఏడ్చాను. దాన్ని ఆమె ఆఫీసులో టైపు కొట్టి పెద్ద అధికారులకి పంపింది. ఏడాదిలో మూడుసార్లు పంపింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

నాన్న మళ్లీ చెట్టెక్కలేదు. రెండేళ్ల తర్వాత ఆడవాళ్ల మధ్య కూర్చుని జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరాడు. ఆ పని ఇచ్చింది ఆ వ్యాపారే. పెద్దమనసు అని ఊరు మళ్లీ మెచ్చుకుంది. జీడిరసం తగిలి నల్లబడ్డ వేళ్లతో నాన్న అన్నం కలుపుకుంటుంటే నేను వేరే వైపు చూసేదాన్ని. నేను తలూపిన సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను హైస్కూలు టీచర్ని. మా పిల్లలు చాలామంది సైకిళ్ల మీద వస్తారు. బడి తెరిచిన మొదటి వారంలో, పాఠం కంటే ముందు, అప్ప చెప్పిన మాటలు వాళ్లకి చెబుతాను. బండి గుద్దితే నంబరు రాసుకోండి. చూసినవాళ్ల పేర్లు అడగండి. సైకిల్ ఫొటో తీయించండి, బాగు చేయనివ్వకండి. చిరిగిన బట్టలు ఉతకకండి. ముందు సర్కారాసుపత్రికే వెళ్లి, ఎలా తగిలిందో మీ నోటితోనే చెప్పి, రాశారో లేదో చూసుకోండి. రాజీ మాటలకి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోబోతే ఒక్క రోజు ఆగమనండి. చిన్నపిల్లలకి ఇలాంటివా అని కొందరు తల్లిదండ్రులు గొణుగుతారు.

మొన్నామధ్య నిమ్మాడ దగ్గర సైకిల్ మీద పాలు పోసే ముసలాయన్ని ఒక కారు గుద్దింది. నేను ఆ వెనకే బస్సులో ఉన్నాను. దిగాను. కారాయన రోడ్డు మీద కూర్చుని, ముసలాయన తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగిస్తున్నాడు. నా బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్తానమ్మా, ఖర్చంతా నాదే అన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను. 108కి ఫోన్ చేయించాను. కారు నంబరు, సొట్టపడ్డ సైకిల్, అన్నీ ఫొటోలు తీశాను. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన నిజంగా మంచివాడేనేమో. నాకు తెలియదు. అది చూసి తెలుసుకునే శక్తి నాకు పదకొండో ఏటే పోయింది.