బాపు పికప్‌కు నాలుగు లైట్లు

మొన్న మా తమ్ముడు కొత్తగా కొన్న కారులో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వెళ్తుంటే, పొద్దు వాలగానే దాని లైట్లు వాటంతటవే వెలిగాయి. వాడు అది తన గొప్పే అన్నట్టు నా వైపు చూసి నవ్వాడు గానీ, నేను మాత్రం తెలియకుండానే మోకాళ్లు ముడుచుకుని, డాష్‌బోర్డు కింద ఏదైనా కాలిన వాసన వస్తోందా అని చూసుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

తెలంగాణ ఇంకా రాలేదప్పటికి, 2012 చలికాలం. బాపు, అంటే మా నాన్న, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ల టమాటాలు, వంకాయలు పికప్‌లో వేసుకుని తెల్లవారేసరికి కామారెడ్డి మార్కెట్‌కు చేర్చేవాడు. అక్కడే డిగ్రీ చదువుతున్న నేను, బస్సులో అంతమంది మధ్య నిలబడలేని బిడియంతో, చీకటితోనే లేచి ఆ బండిలోనే వెళ్లేదాన్ని. చదవడానికి వెలుతురు లేకపోయినా ఒళ్లో లైబ్రరీ పుస్తకం ఒకటి ఉండాల్సిందే; అది ఉంటే నాకదో ధైర్యం.

ఆ ఏడు బాపుకు ఉన్నట్టుండి లైట్ల పిచ్చి పట్టింది. మొదట ముందు గార్డుకు రెండు పసుపు లైట్లు, అవి చాలవని క్యాబిన్ మీద మరో రెండు తెల్లవి. మా మేనమామ బోరు మోటార్లకు స్టార్టర్ డబ్బాలు బిగించే మనిషి కాబట్టి ఆ పనీ ఆయనే చేశాడు. “ఏంది బావా, బండికి గిట్ల పెండ్లి గిన చేస్తున్నవా?” అని ఆయన ఎగతాళి చేస్తుంటే బాపు నవ్వి ఊరుకునేవాడు.

నాలుగింటికీ ఒకటే సన్నని ఫ్యూజు కావడంతో, స్విచ్చు వేసినప్పుడల్లా అది పోయేది. మా దగ్గర ఫ్యూజు పోవడాన్ని ఎవరూ లెక్కచేయరు. కరెంటు ఉండే ఆ కాసిని గంటల్లో మోటారు ఆగితే మడి ఎండుతుంది కనుక, రాగి తీగలు నాలుగు పోగులు మెలివేసి ఫ్యూజు చోట దిగ్గొట్టడం రైతులందరికీ అలవాటు. మామ బండికీ అదే చేసి, “ఇగ సూడు, జన్మల పోదు” అన్నాడు.

నిజంగానే పోలేదు. కొన్నాళ్లకు ఒక పొద్దున, లింగంపేట దాటి అడవిలోకి వచ్చేసరికి రోడ్డంతా మంచు కమ్ముకుంది. నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. నా మోకాళ్ల దగ్గర రబ్బరు మాడుతున్న వాసన మొదలైంది. ఎవరో చలిమంట వేసుకుంటున్నారులే అన్నాడు బాపు. కాదు, మన బండిలోంచే వస్తోందని నెమ్మదిగా చెప్పాను. “ఇంకింత దూరమే బిడ్డా, ఊరు రానీ” అన్నాడు గానీ స్విచ్చు మీద చెయ్యి వేయలేదు. ఎందుకు ఆపడు? వాసన ఆయనకూ తెలుస్తోంది కదా! పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. సన్నగా పొగ లేచింది. క్లాసులో హాజరు కూడా పైకి పలకలేని నేను “ఆపు బాపూ!” అని అరిచేశాను.

లైట్లు ఆర్పి బండి ఆపాడు. వైరు తోలు బెల్లం పాకంలా కరిగి కారుతోంది. బ్యాటరీ దగ్గర ఆ లైట్ల వైరు ఊడబీకి వచ్చి మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు, కానీ కదలలేదు. బండికి మొదటి నుంచీ ఉన్న రెండు లైట్లే మంచులో మసకగా వెలుగుతున్నాయి. కాసేపటికి నా వైపు చూడకుండా, “ముందట ఏమున్నది బిడ్డా?” అని అడిగాడు.

ముందు కల్వర్టు ఉంది. సున్నం వేసిన దాని రాళ్లు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ లైట్ల పిచ్చి ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

“కల్వర్టు బాపూ. నడుమల్నే పో.”

కామారెడ్డి దాకా రోడ్డు నేనే చెప్పాను. గుంత, మేకల మంద, సైకిలు మీద పాలాయన. సగం దారిలో బాపు, “కాలేజిల గూడ గింతనే మాట్లాడుతవా?” అన్నాడు. నవ్వుదామంటే ఏడుపొచ్చింది.

కామారెడ్డిలో బండ్ల వైరింగు చేసే ముసలి చాచా ఆ మెలితీగను చూసి తల కొట్టుకున్నాడు. “ఫ్యూజు పోతెనే గదా భాయ్, బండి మిగిలేది! గిది బోరు కాదు, దీంట్ల మనుషులు కూసుంటరు.” రిలే పెట్టి, వైర్లు మార్చి, జతకొక ఫ్యూజు వేసి ఇచ్చాడు. బండి నడపనివ్వరేమోనన్న భయంతో బాపు ఇన్నాళ్లూ దాచిన చూపు సంగతి ఆ సాయంత్రమే అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పేశాను. కంట్లో పొర తీయించేదాకా మామే బండి నడిపాడు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు, బాపుకు ధైర్యం రావాలని, రోడ్డు చెబుతూనే ఉన్నాను. ఒక పొద్దున నేను నోరు తెరిచేలోపే “గుంత” అన్నాడు బాపు. ఎంత సంతోషమో! మర్నాటి నుంచి మళ్లీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చున్నాను.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది. నడుమ తెల్లగీతలు, అంచున మెరిసే బిళ్లలు. పికప్ ఎప్పుడో అమ్మేశాం. మొన్న తమ్ముడి కారులో ఆ చోటికి రాగానే “ముందు కల్వర్టు” అన్నాను.

“కనబడుతుంది గదక్కా” అన్నాడు వాడు.

నిజమే, అంతా కనబడుతోంది. ఆ తర్వాత ఎల్లారెడ్డి దాకా నాకు చెప్పడానికేమీ లేకపోయింది.