బొగ్గు తర్వాత గోధుమలు

కరోనా ఆంక్షలు సడలుతున్న రోజుల్లో నాకు ఒక బల్క్ క్యారియర్‌లో చీఫ్ ఆఫీసర్‌గా పోస్టింగ్ వచ్చింది. సంచులూ పెట్టెలూ లేకుండా సరుకును నేరుగా కడుపులో పోసుకుపోయే ఓడ అది. ఆ కడుపులోని ఒక్కో గదిని హోల్డ్ అంటాం. ఐదంతస్తుల ఇల్లు నిలువునా పట్టేంత గది. హోదాలో కెప్టెన్ తర్వాత చీఫ్ ఆఫీసరే. సరుకుకూ, అది పోసే హోల్డ్‌కూ అతనే జవాబుదారీ.

మేం బొగ్గు దించేసి, గోధుమలు ఎత్తుకోవడానికి ఆస్ట్రేలియాలోని ఒక రేవుకు ఖాళీగా బయలుదేరాం. మా కోరుట్ల దిక్కు బొగ్గు పోసిన గోదాంలో ఎవరైనా వడ్లు పోస్తారా? ఇదీ అంతే. బొగ్గు పొడి, తుప్పు పెచ్చు, ఉప్పు మరక, పురుగు, ఏది కనిపించినా తనిఖీకి వచ్చే సర్వేయర్ ఓడను వెనక్కి పంపేస్తారు. మళ్లీ కడగాలి, మళ్లీ వరుసలో నిలబడాలి. అది ఎప్పటికి తెములుతుందో ఎవరూ చెప్పలేరు.

మా బోసన్ రాజమల్లు ఆ రేవులోనే దిగిపోవాలి. బోసన్ అంటే డెక్ పనివాళ్లకు పెద్ద. అతనిది చందుర్తి. ఒప్పందం ముగిసినా ఆంక్షల వల్ల ఓడలోనే చిక్కుకుపోయాడు. ఈలోగా ఇంటి దగ్గర కూతురు పుట్టింది.

“బిడ్డను ఫోన్ల సూసుడే గని ఎత్తుకోలే సార్. గీ హోల్డులు పాసైతె దిగుత గద?” అన్నాడు.

“పాసైతె దిగుతవ్.”

“అయితె నాలికతోనన్న సాఫ్ జేస్త!”

ముందు ఊడ్చాం. తర్వాత సముద్రపు నీటిని పైపులతో గట్టిగా గోడల మీద కొట్టాం. ఆ ఉప్పు పోవడానికి మంచినీటితో కడిగాం. అడుగున నీరు చేరే గుంతలను చేతులతో తోడి తుడిచాం. పైనుంచి నల్లటి వాన కురిసేది. ఓడ ఊగినప్పుడల్లా ఒకరి మీద ఒకరం జారిపడేవాళ్లం. మొహాల్లో పళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఒకసారి కెప్టెన్ దిగివచ్చి, చీఫ్ ఆఫీసర్ ఎక్కడున్నాడని నన్నే అడిగారు. రాజమల్లు నవ్వు ఆపుకోలేక పైపు వదిలేశాడు. అది పాములా లేచి అందరినీ తడిపింది, కెప్టెన్‌తో సహా.

రేవులో సర్వేయర్‌గా ఒక నడివయసు ఆవిడ వచ్చారు. తెల్లబట్టతో గోడలు తుడిచి చూసుకుంటూ సాగారు. బట్ట తెల్లగానే ఉంది. చివరి హోల్డ్‌లో మాత్రం టార్చి పైకెత్తి ఆగిపోయారు. దూలం మీద పిడికెడంత నల్లటి మచ్చ. బొగ్గు! రాజమల్లు నా వైపు చూడలేదు.

మచ్చ తోక ఆడించింది.

“పిట్ట సార్! పిట్ట!” రాజమల్లు ఎగిరి గంతేశాడు.

హోల్డ్ ఆరడానికి పైమూత తెరిచి ఉంచాం. అందులోంచి వచ్చింది. కానీ పిట్ట ఉండగా పాస్ చేయనని ఆవిడ తేల్చిచెప్పారు. న్యాయమే. గోధుమల్లో రెట్ట పడకూడదు. విసురుదామంటే అంత శుభ్రం చేసిన చోట చిన్న పెళ్ల కూడా లేదు.

“మక్కచేన్ల పిట్టల కొట్టలేదా సార్ మీరు?”

“మేడిపల్లిల పుట్టి కొట్టకుంటనా!”

ఇద్దరం ఒక్కసారే “హోయ్... హోహో!” అని కేక పెట్టాం. ఇనుపగోడలు ఆ కేకను పదింతలు చేసి తిరిగిచ్చాయి. రాజమల్లు తువ్వాల తిప్పి ఛెళ్లుమనిపించాడు. మాతో ఉన్న ఫిలిప్పీన్స్ నావికులూ కేక అందుకున్నారు. పిట్ట ఈ గోడకూ ఆ గోడకూ ఎగురుతుంటే, మేం కింద చిన్నపిల్లల్లా పరుగులు. చూస్తే సర్వేయరమ్మ కూడా హెల్మెట్ తీసి దరువేస్తూ “హోయ్” అంటున్నారు! చివరికి పిట్ట వెలుగు పోల్చుకుని తుర్రుమంది.

రాజమల్లు నడుముకు బెల్టు కట్టుకుని నిచ్చెనెక్కి, దూలం మీది రెట్టను తుడిచి వచ్చాడు. ఆవిడ మళ్లీ టార్చి వేసి చూసి, పాస్ అన్నారు. హోదా గీదా మరిచిపోయి రాజమల్లు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

ఇల్లు చేరాక ఫోన్ చేశాడు. “ఎత్తుకున్న సార్! నన్ను గుర్తువడుతలేదు, ఒకటే ఏడుపు!” అంటూ పడీపడీ నవ్వాడు. వెనక పాప కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

హోల్డ్ కడగడం ఒక పని. కడిగిన హోల్డ్‌ను సరుకు పడేదాకా కాపాడుకోవడం ఇంకో పని. రెండూ చీఫ్ ఆఫీసర్ డ్యూటీలోవే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి రేవులోనూ సర్వేయర్ కంటే ముందే హోల్డ్‌లోకి దిగి, మొదట పైకి చూసేవాణ్ని.