తాడు పట్టిన చేతికి వాటా

పెద్ద పరిశోధనలకు నిధులిచ్చే సంస్థలు ఈమధ్య ఒక మంచి షరతు పెడుతున్నాయి. మహానగరంలో ఉన్న సంస్థ ఒక్కటే వచ్చి చెయ్యి చాపితే ఇవ్వరు. జబ్బు ఏ ఊళ్లలో ఉందో అక్కడి కాలేజీనో ఆసుపత్రినో భాగస్వామిగా చేర్చుకుని రమ్మంటారు. ఆ షరతు పుణ్యమా అని, శ్రీకాకుళంలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఒకరోజు ఒక పెద్ద ప్రొఫెసరు గారు ఫోన్ చేశారు. ఆయన తెలుగువారే కానీ చాలాకాలంగా వేరే రాష్ట్రంలో ఉన్నారు. మీ సముద్రతీరపు ఊళ్లలో కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేద్దామనుకుంటున్నాం, కలిసి చేద్దామా అని అడిగారు. నేను గాల్లో తేలిపోయాను. చేతికి ఇంకా ఏమీ రాకుండానే ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో అందరికీ మిఠాయి పంచేశాను. ఆగడం నాకు చేతకాదు. పుట్టుకే అంత.

ఆ వారంలోనే ఎవరేం చెయ్యాలో రాసి పంపారు. చదివాను. ఒళ్లు మండిపోయింది. మా కాలేజీ చెయ్యాల్సిన పని ఒక్కటే. ఊరూరా తిరిగి రక్తం తీసి, ఐసు పెట్టెల్లో సర్ది, వాళ్ల నగరానికి పంపించాలి. పరీక్షలు అక్కడే, యంత్రాలు అక్కడే, ఆలోచించడం కూడా అక్కడే. మాకు ఐసు పెట్టెలు. ఫోన్ చేసి దులిపేశాను. ప్రొఫెసరు గారు ఓపికగానే విన్నారు. అంత ఖరీదైన యంత్రాన్ని అక్కడ పెడితే ఎవరు నడుపుతారమ్మా, కరెంటు పోతే ఎవరు చూస్తారు అన్నారు. నిధులిచ్చే సంస్థ నుంచి ఒక మేడమ్ గారు ఊరు చూడ్డానికి వస్తున్నారనీ, ఊరివాళ్లు ఒప్పుకుంటేనే ఏ పనైనా మొదలవుతుందనీ చెప్పారు.

ఆ ఊరు మాదే. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. చేపల వేటే మా జీవనం. ఊరు ఒప్పుకోవడం అంటే మా మేనత్త ఒప్పుకోవడం. చేపలమ్మే ఆడవాళ్లందరికీ ఆవిడ మాటంటే మాటే. అయితే అత్తకు సూది పట్టుకొచ్చేవాళ్లంటే పడదు. దానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఎవరో జీపులో వచ్చి, ఊరందరి దగ్గరా రక్తం తీసుకుని, తలా ఒక బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో పెట్టి వెళ్లారు. ఎవరి రక్తంలో ఏముందో మళ్లీ వచ్చి చెప్పినవాళ్లు లేరు. అప్పుడు చెయ్యి చాపినవాళ్లలో మా మావ కూడా ఉన్నాడు. తర్వాత కొన్నాళ్లకు ఆయన కాళ్లు వాచాయి. విశాఖపట్నం తీసుకెళ్లేసరికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మావ దక్కలేదు. ఆ జీపువాళ్లు ఒక్క మాట చెప్పి ఉంటే బతికేవాడని అత్త నమ్మకం. నా నమ్మకం కూడా అదే.

ఆవిడ దగ్గరికి వెళ్లి విషయమంతా చెప్పాను. చేపలు శుభ్రం చేస్తూ తలెత్తకుండా విన్నది. రానీ, చూద్దాం అంది. తర్వాత కత్తి పక్కన పెట్టి ఒకే ఒక్కటి అడిగింది.

“ఎవులికేటున్నాదో ఈసారైనా తిరిగొచ్చి సెప్తారేటే?”

ఐసు పెట్టెలు నగరానికి వెళ్లాక ఏ ఇంటికి ఏ కబురు వస్తుందో ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ ప్రశ్నకు అవునని చెప్పగలిగితేనే ఈ పరిశోధన, లేకపోతే వద్దు అని ఆరోజే మనసులో గట్టిగా అనుకున్నాను.

ప్రొఫెసరు గారూ, ఆ మేడమ్ గారూ వచ్చిన ఉదయం ఊరంతా ఒడ్డునే ఉంది. అలివి వల వేశారు. పడవలో వెళ్లి వలను సముద్రంలో వలయంలా వదులుతారు. దాని రెండు చివర్ల తాళ్లనూ ఒడ్డున రెండు వరసల్లో నిలబడి లాగుతారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలు, ఎవరైనా సరే తాడు పట్టి వల ఒడ్డుకొచ్చేదాకా లాగారా, పడిన చేపలో వాళ్లకు వాటా ఉంటుంది. నువ్వెవరు అని అడగరు.

ప్రొఫెసరు గారికి ఈ సంగతి తెలీదు. ప్యాంటు మడిచి, ఫోటో కోసం తాడు పట్టుకున్నారు. ఫోటో అయిపోయింది. ఆయనకు సరదా పుట్టినట్టుంది, తాడు మాత్రం వదల్లేదు. వల ఒడ్డుకొచ్చేదాకా మావాళ్లతో పాటు రొప్పుతూ లాగారు. నేను ఆ మేడమ్ గారి ప్రశ్నలకు జవాబులు చెప్పడంలో పడి ఆయన్ని పట్టించుకోలేదు.

చేపలు కుప్పలు పోసి పంచారు. ఒక కుప్ప తీసుకొచ్చి ప్రొఫెసరు గారి ముందు పెట్టారు. ఆయన నవ్వేసి, వద్దొద్దన్నారు. ఎవరూ వెనక్కి తీసుకోకపోయేసరికి మొహమాటపడి పర్సు తీశారు. అంతే, అందరి ముఖాలూ మాడిపోయాయి. అప్పటిదాకా ఆయన పక్కన తాడు లాగుతూ వేళాకోళాలాడినవాళ్లు కూడా తల తిప్పేసుకున్నారు. ఇక అయిపోయింది మన పరిశోధన అనుకున్నాను. అత్త వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“డబ్బులు దాసుకో బావూ. తాడు పట్టినావు, వాటా నీది. ఒద్దంటే మమ్మల్ని తక్కువ సేసినట్టు.”

ఆయన పర్సు జేబులో పెట్టుకుని వంగి చేపలు తీసుకున్నారు. మావాళ్లలో ఒకడు సంచీ ఇచ్చాడు. అందరూ కాస్త తేలికపడ్డారు. అత్త మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

“మరి మేం రగతం ఇత్తే, మీ తాడు మేం పట్టినట్టే గదా. మా వాటా ఏటి?”

మేడమ్ గారికి తెలుగు రాదు, ఏమంటున్నారని నన్నడిగారు. మర్యాదలు అద్ది మెత్తగా చెప్పొచ్చు. నేను అద్దలేదు. వలా, తాడూ, వాటా, మావ సంగతీ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. చెబుతుంటే నా గొంతు పెద్దదైపోయింది. కోపంతోనో గర్వంతోనో నాకే తెలీదు. రెండూ అయి ఉంటాయి. అయితే ఏ వాటా కావాలో అడగండి అన్నారావిడ.

అత్త ముందే అనుకుని ఉన్నట్టు చెప్పింది.

“ఎవులి సంగతి ఆలకి గుమ్మం కాడికొచ్చి సెప్పాల. పరీచ్చలు మా పిల్ల కాలేజీలోనే సెయ్యాల. రగతం పట్నం ఎల్లిపోతే మరి కబురు రాదు.”

మేడమ్ గారు ఇసకలోనే కూర్చుండిపోయి, పరీక్షలు ఇక్కడ చెయ్యడానికి అడ్డమేమిటని ప్రొఫెసరు గారిని అడిగారు. ఆయన చేతిలోని చేపల సంచీ వైపు చూశారు, నా వైపు చూశారు. అడ్డమేమీ లేదు, నేర్పించాలి, నేర్పిస్తాం అన్నారు. ఆయన మంచి మనిషే. అప్పటిదాకా ఏ ఊరూ ఆయన్ని అలా నిలబెట్టి అడగలేదు, అంతే. ఆ ఒడ్డున, ఆ చేపల వాసనలో, నేను ఫలానావిడ మేనకోడల్నని అరిచి చెప్పాలనిపించింది.

తర్వాత కాగితాలు తిరగరాయడానికి నానా తిప్పలూ పడ్డాం. యంత్రం మా కాలేజీలో పెట్టాలనీ, మా కాలేజీవాళ్లకే దాని పని నేర్పాలనీ, ప్రతి ఇంటికీ ఫలితం చేర్చాలనీ రాసుకున్నాం. ఊరి తరఫున అత్త వేలిముద్ర వేసింది. యంత్రాన్ని లారీలో తెచ్చారు. ఏమిటది అని డ్రైవరు అడిగితే చెప్పాం. దించడం అయ్యాక, నా రక్తం కూడా చూస్తారా అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ గదిలో ఏసీ పెట్టించడానికి ప్రిన్సిపాల్ గారిని ఎంత పీడించానో ఆయన్నే అడగాలి.

ఊళ్లో అందరికంటే ముందు చెయ్యి చాపింది అత్తే. ఆ రక్తాన్ని నేనే పరీక్ష చేశాను. అంకె ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. నమ్మలేక మళ్లీ చేశాను. మారలేదు. మరొకరిని పంపొచ్చు, డాక్టరు గారిని వెంటబెట్టుకుని వెళ్లొచ్చు. కానీ గుమ్మం దగ్గరికొచ్చి చెబుతామని మాట ఇచ్చింది మేమే కదా.

నేను వెళ్లేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. కిడ్నీల్లో తేడా మొదలైందత్తా అన్నాను. ఆవిడ నా ముఖంలోకే చూసింది.

“ముదిరిపోనాదేటి?”

లేదన్నాను. ఇప్పుడే మొదలైంది, మందులు వాడుతూ ఉప్పు తగ్గిస్తే అదుపులో ఉంటుంది, రేపే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తాను అన్నాను. ఇంకా ఏవేవో చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. పైట సర్దుకుని లేచి వీధిలోకి నడిచింది. పరీక్షకు రావడానికి ఇంకా జంకుతున్న ఆడవాళ్లను ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి పిలిచింది. పొద్దున్నే అందరూ కాలేజీకి వెళ్లాలని చెప్పింది. నేను వెనకాలే నడుస్తున్నాను. ఎందుకు వెళ్లాలని ఎవరో అడిగారు.

“మా ఇంటాయనకి ఎవులూ సెప్పనేదు. నాకు మా పిల్లే వొచ్చి సెప్పింది.”