డాక్టరుకీ రోగికీ మధ్య వాక్యం

సాయంత్రం నాలుగూ పదికి పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి వెనక్కి తిరిగేసరికి మా అమ్మాయి బ్యాంకు పరీక్ష పుస్తకం మూసేసి కూర్చుంది.

వాళ్ళ నాన్న ఆసుపత్రిలో పోయిన కొన్నాళ్ళకి ఒక పరీక్షకి వెళ్ళింది. సగం ప్రశ్నలయ్యాక ఆసుపత్రి మీద ఒకటి వచ్చి చెయ్యి ఆగిపోయిందట. గంట కొట్టేదాకా కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చుని వచ్చేసింది. వచ్చే ఆదివారం మళ్ళీ పరీక్ష. అలాగే అవుతుందేమోనని ఇద్దరికీ భయమే, ఎవరమూ అనలేదు. ఆసుపత్రి మాట కనబడితే ఆ ప్రశ్న దాటేసి పేజీ తిప్పేది. నేనూ ఊరుకునేదాన్ని.

ఆయనది నరసాపురంలో చేపల వ్యాపారం. ఐసు పెట్టెల్లో సర్ది బయటి ఊళ్ళకి పంపేవారు. కూతురి చేత బ్యాంకు పరీక్షల్లో వచ్చే జంట మాటల ప్రశ్నలు చేయించడం ఆయనకి సరదా. ఆప్షన్లు అరచేత్తో మూసి, మొదటి రెండు మాటల సంబంధాన్ని ఒక వాక్యంగా పైకి చెప్పాలి. వాక్యం వచ్చాకే చెయ్యి తీయాలి.

ఒకసారి ఆయనే ఒక ప్రశ్న కట్టారు. ఐసుకి చేప అయితే, ఉప్పుకి ఏది? సముద్రం, మామిడికాయ, రుచి, తెలుపు.

"ఉప్పుకీ చేపే కదా నాన్నా. ఉప్పుచేప ఎక్కడికి పోయింది?"

"అది ఆప్షన్లలో లేదు తల్లీ. చేపలవాడి కూతురివి, అందుకే తప్పు చెప్పావు."

ఐసు చేపను పాడవకుండా ఉంచుతుంది, ఉప్పు మామిడికాయను. అంతే. ఈ ప్రశ్నల్లో కష్టం తెలియని మాటల వల్ల రాదని నాకు ఆరోజు తెలిసింది. బాగా తెలిసిన మాటలే ఇబ్బంది పెడతాయి. వాటి గురించి మనకి తెలిసినదంతా ముందుకొస్తుంది. అడిగింది అందులో ఒక్కటే.

పాలు పొంగిన సాయంత్రం ఆమెను ఆపిన ప్రశ్న ఇది: డాక్టరుకి రోగి అయితే, లాయరుకి ఎవరు?

"ఇదేం కష్టమే?"

"వాక్యం రావట్లేదమ్మా. డాక్టరు రోగిని బతికిస్తాడు అనాలి. ఎలా అనను?"

నాకూ మొదట ఆ వాక్యమే వచ్చింది. పక్కన కూర్చున్నాను.

"రోగి సాయం కోసం డాక్టరు దగ్గరికి వెళ్తాడు. కక్షిదారు సాయం కోసం లాయరు దగ్గరికి వెళ్తాడు. అంతవరకే అడిగారు. బతకడం, గెలవడం ఈ ప్రశ్నలో లేవు."

తను పుస్తకం తెరిచి కక్షిదారు మీద టిక్కు పెట్టింది. తర్వాత వాళ్ళ నాన్నలా గొంతు బొంగురు చేసి, "ఐసు మాత్రం చేపని బతికిస్తుందేంటి!" అంది. ఇద్దరం నవ్వాం. ఆయన పోయాక మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు.

పరీక్ష రాజమండ్రిలో. నేను గేటు బయట నిలబడ్డాను. పరీక్ష అయ్యాక అందరితోపాటు ఆమె కూడా బయటికి వచ్చింది.

"అన్నీ చేశానమ్మా. నర్సు మీద కూడా ఒకటి వచ్చింది, చేసేశాను. ఆకలేస్తోంది, ముందు టిఫిన్ ఎక్కడో చూడు."

ఫలితం ఇంకా రాలేదు. తర్వాతి పరీక్షకి చదువుతోంది. ఆసుపత్రి మాటలున్న ప్రశ్నలు దాటేసి పేజీ తిప్పడం ఇప్పుడు లేదు.