క్రేన్ మీది మనిషి, కూతురి విమానం

అతను క్రేన్ నడుపుతాడు. పొద్దున్నే నిచ్చెన ఎక్కితే పొద్దు వాలాకే దిగడం. ఇరవై అంతస్తుల ఎత్తున అద్దాల గదిలో ఒక్కడే. వాకీటాకీలో రోజంతా నాలుగే మాటలు: ఎత్తు, దించు, తిప్పు, ఆపు. విన్న మాట తిరిగి అప్పజెప్పాకే చెయ్యి కదపాలి. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. "ఉప్పు అందుకోండి" అంటే "ఉప్పు అందుకుంటున్నా" అనేవాడు. "నేను కాపురం చేస్తున్నానా, క్రేన్ నడిపిస్తున్నానా!" అని భార్య నవ్వేది. ఇప్పుడావిడకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ. ఇంటికొస్తే పదకొండేళ్ళ కూతురూ, ఆమె చెవులకి హెడ్‌ఫోన్లూ.

కూతురు ఆడేది విమానం నడిపే ఆట. ఒకరోజు ఏమీ తోచక పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎయిర్‌పోర్టు టవర్ వాళ్ళు చెప్పింది తిరిగి చెప్పాలి నాన్నా. లేకపోతే మార్కులు పోతాయి."

"మా దగ్గరా అంతేనమ్మా!" అతని మొహం చేటంత అయింది.

గాలి ఎటు వీస్తే ముక్కు ఎటు తిప్పాలో, దిక్కులకి అంకెలేమిటో, బళ్ళో ఇంకా చెప్పని లెక్కలు ఆ పిల్ల గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే, రోజూ నోరు తెరుచుకుని వినేవాడు.

ఓ సాయంత్రం ఆటలో గాలివాన.

"దించకు తల్లీ, వెనక్కి తిప్పు."

"నీకన్నీ భయాలే!"

దించేసింది. విమానం పల్టీకొట్టి మంటలు లేచాయి. పిల్ల పకపకా నవ్వి మీట నొక్కింది. మళ్ళీ కొత్త విమానం.

"ఎంతమంది ఉన్నారందులో?"

"నూట నలభై. ఆటే కదా నాన్నా!"

గాలి పెరిగితే ఇనుప దూలం ఎలా ఊగుతుందో, కిందివాడు తలెత్తి ఎలా చూస్తాడో అతనికి తెలుసు. కంప్యూటర్ ఆపేశాడు. "ఇక ఈ ఆట వద్దు."

పిల్ల ఏడవలేదు. తన గదిలోకి వెళ్ళిపోయింది. వారం రోజులు ఏమడిగినా ఊ, ఊహూ. దానికన్నా క్రేన్ గదే నయమనిపించింది.

ఎనిమిదో రోజు తనే కంప్యూటర్ పెట్టి, ఆమె గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నేను నడుపుతా. నువ్వు చెప్పు."

"కూల్చేస్తావ్."

"అందుకే చెప్పమంటున్నా."

వచ్చి వెనక నిలబడింది.

"ముక్కు ఎత్తు."

"ముక్కు ఎత్తుతున్నా."

"అంత కాదు, బాబోయ్!"

విమానం ఊగిపోయింది. నిజం విమానమే అన్నట్టు అతను కుర్చీలోంచి సగం లేచాడు. అది చూసి పిల్ల గొంతు తగ్గింది. "వద్దులే నాన్నా, గాలి ఎక్కువుంది. దించకు. తగ్గేదాకా చుట్టూ తిరుగుతూ ఉండు."

కాసేపు చూసి, "నాకు హోంవర్కుంది" అంటూ వెళ్ళింది. తలుపు మూసుకుంది.

"చుట్టూ తిరుగుతున్నా" అన్నాడతను, ఖాళీ గదిలో.