మీటల మీద ఎర్ర చుక్కలు

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఆఫీసులో సీన్ పేపర్లు టైప్ చేసేది మేమిద్దరమే, అక్కా నేనూ. సొంత అక్క కాదు. నాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి అలా పిలిచేదాన్ని. ఆమె కీబోర్డు చాలా పాతది. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, చూపుడువేళ్లకు తగలాల్సిన చిన్న గీతలు కూడా నున్నబడిపోయాయి. అయినా వాళ్లు రాసిచ్చిన కాగితం మీది నుంచి ఆమె కళ్లు తిప్పకుండా టైప్ చేసేది.

దసరాకు ఆఫీసులో ఆయుధపూజ చేశారు. ప్రింటరుకీ కంప్యూటర్లకీ పసుపూ కుంకుమా పెట్టారు. నేను ఆ రోజు సెలవు పెట్టాను. మర్నాడు అందరికంటే ముందొచ్చి, ప్రార్థన చేసుకుని, నా బల్ల తుడుచుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. అక్క కీబోర్డు మీద నాలుగు ఎర్ర చుక్కలు కనిపించాయి, అంతకుముందెప్పుడూ గమనించలేదు. తడిగుడ్డకు పోలేదు. గోటితో గీకేశాను. దేవుని కోసం ఒక పని చేశానని సంతోషించాను కూడా. ఆ సంతోషమే ఇప్పుడు నన్ను ఎక్కువ సిగ్గుపెడుతుంది.

పదకొండింటికి కో-డైరెక్టర్ కాగితాలు పట్టుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది? నేనిచ్చింది పెళ్లిచూపుల సీను. హీరోకి దయ్యం పట్టినట్టుంది!"

వేళ్లు ఒక్క మీట పక్కకు జరిగితే తెలుగు తెలుగులా ఉండదు. తొందరలో అక్క తెర చూసుకోకుండానే మూడు పేజీలు ప్రింటిచ్చింది.

ఆమె మీటలు తడుముతూ, "నా చుక్కలు లేవు సార్. వేళ్లకు తెల్వనీకి గోళ్లరంగుతోని పెట్టుకున్న. ఎవలో గీకేసిండ్రు," అంది.

"సాకులొద్దండీ. రేపటి నుంచి మధురానగర్‌లో డీటీపీ సెంటర్లో టైప్ చేయించుకుంటాం. మీరు రానక్కర్లేదు."

లేచి నిలబడ్డాను.

"గీకింది నేనండీ. ఆమె తప్పేం లేదు."

"మీరెందుకు గీకారు?"

"మురికనుకున్నాను."

ఆయన నవ్వేశారు. "మీ శుభ్రత పాడుగానూ! సరే, మధ్యాహ్నంలోగా మళ్లీ కొట్టివ్వండి," అని వెళ్లిపోయారు. అక్క ఉద్యోగం నిలబడింది. కానీ నేను అబద్ధమాడాను. ఆడకూడదని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేది నేనే.

అక్క సంచిలోంచి గోళ్లరంగు సీసా తీసింది. మీట మీట తడిమి చూసుకుని చుక్క పెడుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"బొట్లనుకున్నవు గదా, చెల్లె?"

"అవునక్కా."

"గట్లయితే నన్ను అడగొద్దా? రెండేండ్ల సంది పక్కనే కూసుంటున్నవు."

రంగు ఆరేదాకా ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. క్షమించమని అడగాలనుకున్నాను. సంఘంలో లేచి నిలబడితే గంటసేపు ప్రార్థన చేయగల నాకు ఆ ఒక్క మాట పెగలలేదు. ఈలోగా రంగు ఆరింది. ఆమె టైప్ చేయడం మొదలుపెట్టింది.